ఉదయగిరి – ఆత్మకూరు సీమలో నేల గుణము: ఒక చరిత్ర

గ్రామ చరిత్రము వ్రాయువారు తొలుత కోటలను, గుడులను, శాసనములను వెదకుదురు. ఉదయగిరి విషయమున ఇది మరింత సత్యము. ప్రతాపరుద్ర గజపతి సేనలు కాచుకొనియున్న ఆ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర కాలము ముట్టడించి 1514లో వశపరచుకొనెనని ఈ సీమలో బాలురు సైతము చెప్పగలరు. కాని ఆ కొండ నీడను తరతరములుగా కాపువాడు దున్నిన నేలకును ఒక చరిత్ర కలదు. దానిని గూర్చి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. అది గ్రంథములలో కంటె మట్టిలోనే ఎక్కువగా నిలిచియున్నది.

ఆ చరిత్రలో ముఖ్యాంశము నేలయొక్క పులుపు, చౌడు గుణములు. ఈ గుణములు కొంత పుట్టుకతో వచ్చినవి. కొంత మనుష్యుడు నేలను వాడుకొన్న తీరువలన వచ్చినవి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఈ రెండవ భాగము చిన్నది కాదు. ఒకే ఊరి పొలిమేరలో మిట్టచేను పులుపెక్కుటయు, పల్లపుమడి చౌడుబారుటయు ఇచ్చట సంభవము. చూచుటకు ఇవి రెండును పరస్పర విరుద్ధములైన వ్యాధులు. కాని పెక్కుచోట్ల రెండింటికిని మూలమొక్కటే: మిట్టనుండి పల్లమునకు దిగిన సారము మరల మిట్టకు చేరకపోవుట. పూర్వపు సేద్యము ఈ రాకపోకలను నిలిపినది. తరువాతి కాలపు భూవినియోగము దానిని క్రమక్రమముగా త్రెంచినది.

సీమ స్వరూపము

నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలిగొండలు ఉత్తర దక్షిణములుగా గోడవలె నిలిచియున్నవి. వాని తూర్పువాలున ఉదయగిరి, సీతారామపురము, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, మఱ్ఱిపాడు, అనంతసాగరము, ఆత్మకూరు ప్రాంతములు వ్యాపించియున్నవి. పెన్నానది సోమశిలకడ కొండల నడుమనుండి వెలువడి, ఆత్మకూరు సీమ గుండ సంగము వైపు సాగును. బొగ్గేరు, బీరాపేరు మొదలగు వాగులు వాలుపై పారి పెన్నలో కలియును. కొండపాదమున మొరపనేల, దాని దిగువ ఎఱ్ఱనేల, ఇంకను దిగువ చెరువుల క్రింది బరువు నేల: ఇది ఈ సీమలో సామాన్యముగా కనబడు వరుస.

భూగర్భ శాస్త్రజ్ఞులు ఇచ్చటి ప్రాచీన శిలలను నెల్లూరు శిస్టు పట్టీ యని వ్యవహరించి, అందులో ఉదయగిరి వర్గమనియు, వింజమూరు వర్గమనియు విభజన చేసిరి. ఉదయగిరి వర్గమున అభ్రకముతో మెరయు పలకరాళ్లును, పలుగురాతి జాతులును ఎక్కువ. వింజమూరు వర్గమున అగ్నిపర్వతముల నుండి పుట్టిన నల్లని శిలలు అధికము. నల్లని శిల చివికినచో సున్నమును, మెగ్నీషియమును గల బరువైన మట్టి యేర్పడును. పలుగురాయి చివికినచో ఇసుక పాలు హెచ్చైన తేలిక మట్టియే మిగులును. కావున పక్కపక్క గ్రామములకు సైతము నేల గుణము వేరగుట వింతకాదు.

జిల్లాలో సగటున ఏటికి సుమారు 1000 మిల్లీమీటర్ల వర్షము కురియును; పడమటి సీమలో అంతకంటె తక్కువ. అందును అధిక భాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము వలన వచ్చునదే. వర్షము మితము, ఎండ మిక్కుటము. అందువలన మలబారు కొండసీమలలోవలె ఇచ్చటి నేల స్వభావసిద్ధముగా తీవ్రమైన ఆమ్లగుణము గలది కాదు. ఎఱ్ఱనేలలు సామాన్యముగా తటస్థస్థితికి ఇటునటుగా నుండును. కాని తేలికనేలకు ఒక బలహీనత కలదు. అందు బంకమట్టియు, కుళ్లిన ఆకుపదార్థమును తక్కువగుటచే పులుపునైనను, చౌడునైనను తట్టుకొను శక్తి స్వల్పము. బరువునేల ఏబది యేండ్లకు గాని చూపని మార్పును తేలికనేల పది పదునైదేండ్లలోనే చూపగలదు. కావుననే ఇచ్చట నేలను వాడు తీరునకు ఇంత ప్రాముఖ్యము కలిగినది.

పులుపు, చౌడు అననేమి?

నేల పులుపును కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఉదజని సూచికను వాడుదురు. కోపెన్‌హాగెన్ నగరమున కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్సెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1909లో దీనిని ప్రవేశపెట్టెను. ఈ కొలతలో 7 తటస్థము. అంతకు దిగువ పులుపు, ఎగువ క్షారము. ఒక్కొక్క మెట్టునకు పదిరెట్లు భేదము. 6 గల నేలకంటె 5 గల నేల పదిరెట్లు పుల్లనిది. పెక్కు పైరులకు 6.5 మొదలు 7.5 వరకు అనుకూలము. సూచిక 5.5 కంటె దిగినచో మట్టిలోని అల్యూమినియము కరగి వేళ్లకు విషమగును. వేసిన భాస్వరము ఇనుముతోను, అల్యూమినియముతోను కూడి పైరునకు దక్కదు. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు నీరసించును. సూచిక 8.5 దాటినచో సోడియము పెచ్చుపెరిగి మట్టి గట్టిపడి నీరింకదు; జింకు, ఇనుము మొదలగునవి నేలలో ఉన్నను మొక్కకు అందవు.

ఇందొక విశేషము కలదు. చౌడు కంటికి కనబడును. వేసవిలో మడిపై తెల్లని పొర పూచును. చాకలివారు ఆ మట్టిని బట్టలుదుకుటకు కొనిపోయెడివారు. అందుచే పల్లెవారి నోట చౌడు, పాలచౌడు, కారుచౌడు అను పేర్లు ప్రాచీనముగా నిలిచియున్నవి. పులుపునేలకో, బయటికి గుర్తేదియు లేదు. రంగు మారదు, పొర పూయదు. పైరు ఏటేట కొంచెము కొంచెముగా కురుచబారును. రైతు దానిని వానలపైనను, విత్తనముపైనను మోపును. కావుననే చౌడునకున్నన్ని వాడుకపేర్లు పులుపునేలకు లేవు. ఆమ్లనేల యను మాట పుస్తకములనుండి పల్లెకు వచ్చినదే. పేరులేని వ్యాధికి మందు వెదకువారు అరుదు.

చెరువుల కాలము

విజయనగర రాజ్యమున ఉదయగిరి ఒక ముఖ్యమైన రాజ్యభాగమునకు కేంద్రము. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు ఉదయగిరినుండి ఈ భాగమును పాలించెను. అతడే వెలిగొండలకు పడమట, నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్లకడ గొప్ప తటాకమును నిర్మించెను. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము సంస్కృతమున ఆ నిర్మాణమును వర్ణించుచున్నది. నిత్యము వేయిమంది కూలీలును, నూరు బండ్లును పనిచేయగా కట్ట రెండేండ్లలో పూర్తియైనదని అందు కలదు. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము పేర్కొన్నది. కట్టనుండి నీరు కారుట ఒక దోషము. చవిటినేల మరియొక దోషము. నీరు స్వల్పమై సాగుభూమి విస్తారమగుటయు, నీరు మిక్కుటమై భూమి స్వల్పమగుటయు దోషములే. ఆరువందల యేండ్లకు పూర్వమే ఉదయగిరి పాలకుని కొలువులోని జలశాస్త్రజ్ఞులు నీటికిని, నేల గుణమునకును గల సంబంధమును ఇంత స్పష్టముగా గుర్తించిరనుట గమనింపదగిన విషయము.

వెలిగొండల తూర్పువాలున గల చెరువులు, కుంటలు ఈ విజ్ఞానమునకు ఆచరణరూపములు. అనంతసాగరము, కలువాయి చెరువులవంటి పెద్దవి కొన్ని; ఊరూర గల చిన్నవి అనేకము. సాధారణముగా చెరువును నీటికొరకే తలతురు. కాని చెరువునకు రెండవ ప్రయోజనము కలదు. తొలకరి వానలు మిట్టచేల పైమట్టిని కొట్టుకొనివచ్చును. అందలి మెత్తని బంకమట్టి, కుళ్లిన ఆకు, సున్నము, పొటాషియము చెరువు గర్భమున పేరుకొనును. మిట్ట ఏ పదార్థమును కోల్పోయి పులుపెక్కుచున్నదో, ఆ పదార్థమే చెరువున నిలువయగును. వేసవిలో చెరువెండినప్పుడు రైతులు ఆ ఒండ్రును బండ్లతో మరల మెట్టచేలకు తోలుకొనెడివారు. ఈ పనివలన చెరువు పూడిక తగ్గెడిది. చేనికి తడి నిలుపు శక్తియు, పులుపును తట్టుకొను శక్తియు వచ్చెడిది. ఒక్క బండి రెండు పనులు చేసెడిది.

సారమును మిట్టకు చేర్చు సాధనములు మరి రెండు కలవు. మొదటిది మంద. నెల్లూరు జాతి గొఱ్ఱెలు దేశమున ప్రసిద్ధములు. ఇవి పగలు కొండబీళ్లలో మేసి రాత్రి చేలలో పడుకొనెడివి. మందకట్టించినందుకు రైతు గొల్లలకు ధాన్యము నిచ్చెడివాడు. గొఱ్ఱెల పెంటలోను, మూత్రములోను అడవి సారము చేనికి నడచి వచ్చెడిది. రెండవది ఆకు. కానుగ, వెంపలి, జిల్లేడు మొదలగువాని రొట్టను మాగాణి మడులలో త్రొక్కెడివారు. ఇంటి పొయ్యి బూడిద పెంటదిబ్బలో చేరెడిది. బూడిదలోని సున్నము, పొటాషియము పులుపునకు విరుగుడు. ఒండ్రు, మంద, ఆకు: ఈ మూడును నడచినంతకాలము కొండకును, మిట్టకును, పల్లమునకును నడుమ సారపు రాకపోకలు సాగినవి. దీనిని స్వర్ణయుగమని పొగడ నక్కరలేదు. ఆ కాలమునను కరవులు వచ్చినవి. 1876–78 కరవు దక్షిణదేశమును కుదిపివేసినది. కాని నేల పులుపు విషయమున పూర్వులు, కారణమును ఎరుగకయే, సరియైన పని చేసిరి.

తరములు, నీలిమందు, అడవి చట్టము

1801లో కర్ణాటక నవాబునుండి నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ వశమైనది. కాలక్రమమున రైతువారీ పద్ధతి నెలకొని, భూములు కొలువబడి, తరములు కట్టబడెను. మద్రాసు రాజధానిలో సెటిల్‌మెంటు అధికారులు నేలలను రేగడి, ఎఱ్ఱ, ఇసుక అని రంగునుబట్టియు, బంక, గరుసు పాళ్లనుబట్టియు విభజించిరి. ఈ విభజన పన్నునకు పనికివచ్చినది. కాని నేల పులుపును, క్షారమును గూర్చి అది ఏమియు చెప్పలేదు. ఒకే తరమున చేరిన రెండు ఎఱ్ఱచేలలో ఒకటి తటస్థమై, మరియొకటి పుల్లనిదై యుండవచ్చును. రైతు దస్తావేజులో అవి రెండును ఒక్కటే.

పందొమ్మిదవ శతాబ్దమున కడప, కర్నూలు జిల్లాలతోపాటు నెల్లూరు జిల్లాయు నీలిమందునకు పేరొందినది. నీలి పప్పుజాతి మొక్క. దాని వేళ్లు నేలకు నత్రజని నిచ్చును. రంగు తీసిన పిదప మిగిలిన పిప్పి మంచి ఎరువు. 1897లో జర్మనీ కర్మాగారపు కృత్రిమ నీలి సంతకు వచ్చుటతో ఈ పంట క్షీణించెను. వేలమైళ్ల దూరమున ఒక రసాయనశాలలో జరిగిన పని తెలుగు చేల పంటల మార్పిడిని మార్చివేసినది.

అంతకుముందే 1882లో మద్రాసు అడవి చట్టము వచ్చినది. వెలిగొండలలోని అడవి పెక్కుభాగము ప్రభుత్వ రక్షణ క్రిందకు పోయినది. ఎఱ్ఱచందనమువంటి అరుదైన వృక్షములు నిలుచుటకు ఈ రక్షణ తోడ్పడినమాట నిజము. కాని పశువుల మేతకును, ఆకురొట్టకును, వంటచెరకునకును పల్లెవారు పుల్లరి చెల్లించవలసివచ్చెను. ఈ బాధ ఒక్క నెల్లూరుది కాదు. ప్రభుత్వము 1913లో అడవి కమిటీని నియమించుటయు, 1921లో పలనాటిలో పుల్లరి సత్యాగ్రహము జరుగుటయు ఇందులకు నిదర్శనములు. నేల గుణము దృష్టితో చూచినచో ఇది మిట్టకు సారము తెచ్చు మూడు మార్గములలో రెండింటిని ఇరుకు చేసినది. మంద తిరుగు బీడు తగ్గినది. ఆకు తెచ్చు దారి మూసికొన్నది. కట్టె దొరకని యింట పేడ పిడకయై పొయ్యిలోనికి పోయినది. హిందూదేశపు సేద్యమును పరిశీలించుటకు వచ్చిన వోల్కర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1893లో ప్రకటించిన నివేదికయందు, పేడను కాల్చుట కట్టె కొరతవలన వచ్చిన అలవాటనియు, పల్లెలకు చేరువగా కట్టెనిచ్చు తోపులు పెంచిననే గాని పేడ పొలమునకు చేరదనియు వాదించెను.

ఎరువుల సంచి వచ్చిన పిదప

ఇంగ్లండునందలి రోథామ్‌స్టెడ్ క్షేత్రమున 1856లో ఒక పచ్చికబయలుపై ప్రయోగము ప్రారంభమైనది. అది నేటికిని సాగుచున్నది. ఏటేట అమ్మోనియము సల్ఫేటు వేయుచు సున్నము వేయని మళ్లు కాలక్రమమున ఎంతయో పుల్లనివై, అనేక జాతుల గడ్డి నశించి, కొలది జాతులే మిగిలినవి. సున్నము వేసిన మళ్లు ఆ స్థితికి పోలేదు. కారణము సులభము. అమ్మోనియా నేలలోని సూక్ష్మజీవులచే నైట్రేటుగా మారునపుడు పులుపు పుట్టును. నూరు కిలోల అమ్మోనియము సల్ఫేటు పుట్టించు పులుపును విరుచుటకు సుమారు 110 కిలోల శుద్ధ సున్నపురాతిపొడి కావలెను. నూరు కిలోల యూరియాకు సుమారు 80 కిలోలు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1951లో సింద్రీ కర్మాగారము అమ్మోనియము సల్ఫేటు ఉత్పత్తిని ప్రారంభించినది. తరువాతి దశకములలో యూరియా పల్లెపల్లెకు చేరెను. ఆకలితో నున్న దేశమునకు ఈ ఎరువు చేసిన మేలు కాదనరానిది. కాని ఎరువుసంచి వచ్చిన నాటినుండి ఒండ్రుబండికి విలువ తగ్గినది. సంచిని తలపై మోసికొని పోవచ్చును. ఒండ్రునకు ఎడ్లు, బండి, పదిమంది మనుష్యులు కావలెను. సంచి నత్రజనినిచ్చెను గాని మిట్ట కోల్పోయిన సున్నమును ఇయ్యలేదు. పైగా ఉన్న సున్నమును ఖర్చుచేసినది. బరువైన రేగడిలో సున్నము సమృద్ధిగా నుండుటచే ఈ ఖర్చు తెలియదు. పలుగురాతి ఎఱ్ఱనేలలో అది త్వరలోనే తెలియును.

వేరుసెనగ ఇందులకు మంచి ఉదాహరణము. ఊడ నేలలో దిగి కాయ ఊరునపుడు ఆ కాయ తనకు వలసిన సున్నపు సారమును చుట్టునున్న మట్టినుండియే నేరుగా పీల్చుకొనును. వేరు పంపిన సారము దానికి చాలదు. సున్నము లేనిచో పొట్టు మిగిలి గింజ ఊరదు. అందుకే ఊడలు దిగువేళ ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయుమని వ్యవసాయశాఖ చెప్పును. కాని జిప్సము కాయకు సున్నపు సారమునిచ్చునే గాని నేల పులుపును విరువదు. పులుపును విరుచునది సున్నపురాతిపొడి. ఈ భేదము తెలియక జిప్సము వేసి పులుపు పోయినదని తలచుట పొరపాటు. అదిగాక వేరుసెనగ కట్టెను మేతకై వేళ్లతో పెరికి ఇంటికి తెచ్చుటచే దానిలోని సున్నము చేనికి తిరిగిపోదు. పెంట తిరిగిపోయినచోట నష్టములేదు. పశువులు తగ్గిన ఇండ్ల చేలకు నష్టమే.

పొగాకు చరిత్ర ఇంకను వింతైనది. అమెరికాలో వర్జీనియా సీమ రైతులు రెండు శతాబ్దములు పొగాకు పండించి నేలలను నిస్సారము చేసికొనిరి. ఎడ్మండ్ రఫిన్ అను అచ్చటి భూస్వామి, ఆ నేలల దోషము పులుపేనని గ్రహించి, గుల్లలతో కూడిన సున్నపుమట్టిని చల్లి పంట హెచ్చించి, 1832లో తన అనుభవమును గ్రంథముగా ప్రకటించెను. ఆ వర్జీనియా రకపు పొగాకే ఇరువదవ శతాబ్దమున తెలుగుదేశమునకు వచ్చి, గుంటూరు సీమను దాటి, ప్రకాశము, నెల్లూరు జిల్లాల తేలికనేలలకు విస్తరించినది. 1976లో పొగాకు బోర్డు ఏర్పడిన పిదప కలిగిరిలోను, మఱ్ఱిపాడు మండలమందలి డి.సి.పల్లిలోను వేలము కేంద్రములు నెలకొన్నవి. పంట వచ్చినది గాని, రఫిన్ నేర్చిన పాఠము పంటతోపాటు రాలేదు. ఆకు, కాడ రెండును పొలము విడిచిపోవును. బేరన్లలో ఆకు పదునుచేయుటకు కట్టె కావలెను. ఆ కట్టెకును, కాగితపు మిల్లులకును జామాయిలు, సుబాబులు తోటలు పెరిగినవి. త్వరగా పెరిగి త్వరగా నరకబడు ఏ వృక్షమైనను కట్టెలోను, బెరడులోను సున్నమును, పొటాషియమును మోసికొనిపోవును. ఆకును, బెరడును, కొమ్మలను తోటలోనే విడిచినచో కొంత మిగులును. అన్నియు ఊడ్చుకొని పోయినచో నేల పులుపువైపే జరుగును.

పల్లపు నేలల కథ

మిట్ట కథ ఇట్లుండగా పల్లపు కథ దీనికి ప్రతికూలముగా సాగినది. కపిల బావుల కాలమున నీరు పైపొరలది, తోడినది కొంచెము. బోరుబావులు వచ్చిన పిదప రాతి చీలికల లోతునుండి నీరు పైకివచ్చినది. ఆ నీటిలో సోడియము బైకార్బొనేటు హెచ్చుగా నుండుట పెక్కుచోట్ల కలదు. నెల్లూరు జిల్లా నీటికి ఈ విషయమున ఒక విచారకరమైన ప్రసిద్ధి కలదు. 1937లో షార్టు మొదలగు వైద్యులు ఈ జిల్లాలోని ఫ్లోరైడు వ్యాధిని గూర్చి వ్రాసిన వ్యాసము భారతదేశమున ఆ వ్యాధిపై వెలువడిన తొలి శాస్త్రీయ రచనలలో ముఖ్యమైనది. ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతములలోను ఫ్లోరైడు సమస్య కలదు. ఎముకకు కీడుచేయు నీటికిని, మడిని చౌడుచేయు నీటికిని బంధుత్వము కలదు. సోడియము బైకార్బొనేటు హెచ్చిన నీటిలో సున్నము అడుగునబడును. సున్నము తగ్గిననే ఫ్లోరైడు సులభముగా కరగును. అదే నీరు మడికి పెట్టినచో నేలలోని సున్నమును సోడియము తొలగించి ఆ చోట నిలుచును. క్రమముగా మట్టి బిగిసిపోవును.

నిమ్మ, బత్తాయి తోటలలో ఆకు పసుపుబారి ఈనెలు మాత్రము పచ్చగా మిగులుటకు ఒక ముఖ్యకారణము ఈ క్షారగుణమే. అట్టి తోటలో ఎరువును రెట్టింపు చేసినను ప్రయోజనము లేదు. చౌడునకు మందు జిప్సము; దానితోపాటు మురుగు పోవు కాలువ తప్పనిసరి. జిప్సము సోడియమును వెడలగొట్టినను, వెడలిన సోడియము పోవుటకు దారి లేనిచో అది మరల అచ్చటనే నిలుచును. చౌడుమడిలో సున్నము చల్లుటయు, పులుపుచేనిలో జిప్సమునే నమ్ముకొనుటయు ధనవ్యయమే గాని చికిత్స కాదు.

1975లో ప్రారంభమై 1989లో పూర్తియైన సోమశిల జలాశయము పెన్న వరదను 78 టి.ఎం.సి.ల మేరకు నిలుపగలది. దానివలన నెల్లూరు మాగాణికి స్థిరత్వము వచ్చినది. నీరు నిలిచిన వరిమడికి ఒక సుగుణము కలదు: పుల్లని నేలయైనను, క్షారనేలయైనను, కొన్ని వారములు నీటమునిగి యున్నపుడు తటస్థమువైపు జరుగును. ఫిలిప్పీన్స్ వరి పరిశోధనాలయమున పొన్నంపెరుమ చేసిన పరిశోధనలు దీనిని నిరూపించినవి. కాని నీరు తీసిన పిదప నేల తన మునుపటి గుణమునకే మరలును. వెలిగొండ పథకము ద్వారాను, సోమశిల ఎగువకాలువ ద్వారాను మెట్టసీమకు నీరందింపవలెనను సంకల్పములు కలవు. మెట్టకు నీరు రాగానే మిట్టన క్రుంగుదల హెచ్చి సున్నము దిగువకు పోవుటయు, పల్లమున ఊట లేచి చౌడు పూయుటయు సంభవము. కాలువ త్రవ్వుటకు ముందు నేల గుణమును, మురుగు దారిని చూడవలెనను పోరుమామిళ్ల శాసనపు హెచ్చరిక ఈ సందర్భమున పాతది కాదు.

బ్రెజిలు దృష్టాంతము

ఒంగోలు నెల్లూరు జిల్లాలో నుండిన కాలమున ఇచ్చటి ఎడ్లజాతి బ్రెజిలు దేశమునకు పోయి, అచ్చట నెలోర్ అను పేరనే ప్రఖ్యాతి చెందినది. ఆ పశువులు విస్తారముగా మేయు సెరాదో మైదానము మిక్కిలి పుల్లని నేల. పూర్వము సేద్యమునకు పనికిరాదని విడిచినది. సున్నమును, భాస్వరమును విస్తారముగా వేసి దానిని పంటభూమిగా మార్చిరి. ఆ కృషికి ఎడ్సన్ లొబాతో, పాలినెల్లి, మెక్లంగ్ అను మువ్వురకు 2006లో ప్రపంచ ఆహార బహుమతి లభించినది. కాని ఆ ఉపాయమును ఉదయగిరికి యథాతథముగా తెచ్చుట తగదు. సెరాదోలో వేలాది ఎకరములు ఒకే గుణము కలవి. ఇచ్చట కొండపాదమునుండి చెరువు కట్టకు నడచినంతలోనే నేల పులుపునుండి చౌడునకు మారవచ్చును. ఊరికంతకు ఒకే మందు ఇచ్చట చెల్లదు. చేనికొక మందు కావలెను.

చేయవలసినది

చేనికొక మందు కావలెనన్నచో చేనికొక పరీక్ష కావలెను. 2015 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము నేల ఆరోగ్యపత్రముల పథకమును ప్రారంభించినది. అందు ఉదజని సూచిక, లవణముల పరిమాణము, సేంద్రియ కర్బనము, పోషకములు నమోదగును. పరీక్ష విలువ మట్టి తీసిన తీరుపై ఆధారపడును. గట్టు ప్రక్కను, పెంటదిబ్బ ప్రక్కను, చెట్టు నీడను మట్టి తీయరాదు. చేనిలో ఎనిమిది పదిచోట్ల జానెడు లోతున గుంట తీసి, పైనుండి క్రిందివరకు పలుచగా చెక్కిన మట్టిని కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు విడిచి, అరకిలో మిగులువరకు ఇట్లే చేయవలెను. పండ్లతోటలకు ఇంతకంటె లోతుమట్టిని వేరుగా తీయవలెను. మిట్టమట్టిని, పల్లపుమట్టిని కలిపినచో రెండింటి సత్యమును పోవును. పులుపును చౌడును కలిసి తటస్థమని అబద్ధపు ఫలితము వచ్చును.

అదే సంవత్సరము ఆంధ్రప్రదేశమున నీరు–చెట్టు, తెలంగాణమున మిషన్ కాకతీయ అను కార్యక్రమములక్రింద చెరువుల పూడిక తీయుట సాగినది. ఒండ్రు చేలకు చేరుట అందొక ఉద్దేశము. ఇది పూర్వపు బాటకు మరలుటయే. అయినను చెరువుమట్టి సర్వత్ర మేలు చేయునని తలచరాదు. చౌటివాగులు చేరు చెరువు గర్భమున లవణములుండవచ్చును. తోలుటకు ముందు ఆ మట్టినిగూడ పరీక్షింపవలెను. తటస్థమైనచో తేలిక ఎఱ్ఱచేనికి దానికి మించిన ఎరువు లేదు. జనుము, జీలుగ మొదలగు పచ్చిరొట్టలు, పెంట, మంద వీనికి తోడైనచో రసాయనపు ఎరువు మితముగా సరిపోవును. పులుపును మితముగానే పుట్టించును.

ఒక్క యేటి పరీక్ష వార్త మాత్రమే. ఇరువదియేండ్ల పరీక్షలు వరుసగా నున్నచో అది చరిత్ర. ఒక చేను 6.8 నుండి 5.6నకు ఎన్ని యేండ్లలో దిగినది, అందేమి పండినది, ఏ యెరువు పడినది, ఒండ్రు ఏ యేట తోలినది అను వివరములు ఒక్కచోట నిలిచినచో ఆ యూరి రైతు తన నేలను గూర్చి ఏ శాస్త్రజ్ఞునికైనను పాఠము చెప్పగలడు. పత్రములు ఇండ్లలో చెదలుపట్టిపోవును. చేతులుమారిన భూమితో పాత యజమాని జ్ఞాపకమును పోవును. గ్రామములో అందరికిని సమానమైన, అందరికిని తెరచియున్న కాగితపు నిలయము గ్రంథాలయ మొక్కటియే. సర్వే నంబరు వారీగా నేల పరీక్షల చిట్టా నొకదానిని గ్రంథాలయపు అలమారలో నుంచి, ఏటేట వేసవిలో వ్రాయించుట పెద్దవ్యయముతో కూడిన పనికాదు. రాబోవు తరము రైతునకు రామాయణ భారతముల ప్రక్క ఆ చిట్టాయు దొరకినచో, పేరులేని పులుపు ఇక పేరులేనిదై యుండదు.